అఱవనని ఒట్టుపెట్టుకొన్న ఉపాధ్యాయుడు



మావారు బడినుండి యిల్లు చేరునప్పటికి వారి గొంతు సగము పోయియుండును. కాళ్లు కడుగుకొని పడకకుర్చీలో చేరగిలి చేతితో నొక సైగ చేయుదురు. మిరియాలపాలు కావలెనని దాని యర్థము. పదునేనేండ్ల కాపురములో నేనీ సైగభాషయందు పండితురాలనైతిని. అఱవనిదే పిల్లలు వినరని వారి సిద్ధాంతము. దండము దశగుణములు గలదని పెద్దలనిన మాటను వారు కాలమునకు దగినట్లు సవరించి, దండమునకు బదులు కంఠమును నిలిపిరి. ఈ విషయమున నేనును నిర్దోషిని గాను. మా చిన్నదానికి ఎక్కములు చెప్పునప్పుడు నా గొంతు వీథి మొగనున్న కొట్టువఱకు వినబడుచున్నదట! ఆ కొట్టాయన యొకనాడు పంచదార పొట్లము కట్టుచు, "అమ్మా, పదమూడవ యెక్కము మా కుఱ్ఱవానికి గూడ వచ్చేసిందండీ" అని నవ్వెను.

గడచిన వేసవిలో నొక సాయంకాలము నేను వంటయింటిలో కందిపప్పు ఏఱుచుండగా ముందుగదినుండి యొక పురుషుని మాట వినవచ్చెను. ఆంగ్లభాష. చంటిబిడ్డ మేల్కొనునేమోయని వెఱచుచు మాటలాడువాని గొంతువలె నుండెను. ఎవరైన అతిథులు వచ్చిరేమోనని కొంగు సవరించుకొని పోయి చూతును గదా, ఆ అతిథి మా చిన్నదాని చేతిలోని ఫోనులో నుండెను! గడ్డము, పొదవలె గుబురైన ఉంగరాల జుట్టు, మెడవద్ద గుండీ పెట్టని లేతరంగు చొక్కా. చేతిలో గోడకు వెల్లవేయు కుంచెవంటి వెడల్పాటి కుంచె. దానితో నాయన కొండను, కొండమీద మంచును, క్రింద చెఱువును వేయుచు, నడుమనడుమ చూచువారికి ధైర్యము చెప్పుచుండెను. ఆ చిత్రము ముగియువఱకు నేను గుమ్మమువద్దనే నిలిచి చూచితిని. పొయ్యిమీది పాలు పొంగిపోయినవి.

ఆయన పేరు బాబ్ రాస్. ఆయన గతించి ముప్పదియేండ్లు దాటినది. అమెరికాలో బిడ్డలున్న సోదరీమణులలో కొందఱు ఈ పేరు వినియే యుందురు. అంత మెత్తని మాట పుట్టుకతో వచ్చినదనుకొంటిని. ఆయన చరిత్రము చదివినపిదప నా యూహ తలక్రిందులైనది. ఆయన ఇరువదియేండ్లు అమెరికా వైమానికదళమున కొలువు చేసినవాడు. అందు చాలకాలము ఇతరులమీద అఱచుటయే ఆయన పని!

బాబ్ రాస్ 1942 అక్టోబరు 29వ తేదీన ఫ్లోరిడా రాష్ట్రమందలి డేటోనా బీచిలో జన్మించి, ఆర్లాండో నగరమున పెరిగెను. తండ్రి వడ్రంగి, తల్లి భోజనశాలలో వడ్డన పని చేసినది. గాయపడిన జంతువులను ఇంటికి దెచ్చుట ఆయనకు చిన్ననాటినుండి యలవాటు. ఒకమాఱు మొసలిపిల్లను దెచ్చి స్నానపుతొట్టిలో నుంచెనట! ఆ తల్లి ఓర్పునకు మనము నమస్కరింపవలెను. తొమ్మిదవ తరగతిలోనే చదువు మాని, తండ్రివెంట వడ్రంగపుపనిలో చేరెను. ఆ పనిలో జరిగిన ప్రమాదమున ఎడమచేతి చూపుడువ్రేలు కొంతభాగము పోయినది. టెలివిజనులో కనబడునపుడు ఆ చేతితో రంగులపలకను పట్టుకొనును గనుక ఆ లోపము సామాన్యముగా నెవరి కంటను బడదు. నేనును మొదట గమనింపలేదు. మా చిన్నది చూపినది.

ఆయన పని చేయు తీరులో ఆ వడ్రంగపుకొట్టు కడదాక నిలిచియున్నదని నాకు తోచును. పనిముట్లు కొలది. ఒక్కొక్కదానికి ఒక నియమితమైన పని. తాపీని బోలిన చిన్న కత్తితో రంగును పలకమీదనుండి కోసి తీసి, కొండ ప్రక్కను రాచినంతనే మంచు కఱచుకొనిన రాయి యేర్పడును. అక్కడ సుకుమారపు గీతలు లేవు, పనివాని చేతివాటమున్నది.

1961లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన వైమానికదళములో చేరెను. విమానము నడపినవాడనుకొనెదరేమో; అదేమియు లేదు. వైద్యశాలలో రోగుల కాగితములు సరిచూచు గుమాస్తాగిరి. కాని ఆ కొలువే ఆయనను అలాస్కాలో, ఫేర్‌బాంక్సు పట్టణమునకు సమీపముననున్న ఐల్‌సన్ స్థావరమునకు జేర్చెను. ఫ్లోరిడా సముద్రమట్టమునకు పెద్దగా ఎత్తులేని పల్లపునేల, ఉక్కపోత దేశము. కోనసీమ పిల్లవానిని తీసికొనిపోయి హిమాలయముల నడుమ దింపినట్లయినది. మంచు, కొండలు, నిశ్చలమైన చెఱువులు, సూదిమొన దేలిన చెట్లు: ఆయన తరువాత జీవితమంతయు వేసినవి అవియే.

ఉద్యోగములో ఆయన మాస్టరు సార్జెంటు పదవిదాక పెరిగెను. (మాయింటిలోను ఒక మాస్టరుగారున్నారు గనుక ఈ మాటను నేను కొంచెము భయభక్తులతో వ్రాయుచున్నాను.) పాయిఖానాలు కడిగించుట, పక్కలు ముడుతలేకుండ సర్దించుట, ఆలస్యముగా వచ్చినవానిని నలుగురిలో గద్దించుట ఆయన బాధ్యతలు. ఆ పదవికి కాఠిన్యము కావలెనని, దానితో తాను విసిగిపోతినని, ఈ కొలువునుండి బయటపడిననాడు మరల నట్లు ఉండనని తనకు తాను మాట యిచ్చుకొంటినని ఆయన తరువాత నొక పత్రికవారితో చెప్పెను. భీష్ముడు రాజ్యమును వివాహమును విడిచెను. ఈయన గద్దింపును విడిచెను. ఇల్లు నడుపుకొనువారము మనము. ఈ రెండవది ఎంత కష్టమో మనకు నెఱుకయే.

చిత్రలేఖనము ఆయనకు కొలువులో నుండగనే యంటుకొన్నది. సైనికుల వినోదశాలలో బొమ్మలు నేర్పు తరగతిలో చేరెను గాని తృప్తి కలుగలేదు. చెట్టన నేమో గురువులు చెప్పిరిగాని చెట్టును వేయుట యెట్లో చెప్పలేదని ఆయన ఫిర్యాదు. ఈ మాట చదివినప్పుడు నాకు నవ్వు వచ్చెను. నాకు అలంకారములు నేర్పిన మా తాతగారును అట్లే; లక్షణము పదిమాఱులు వల్లె వేయించిరిగాని ఒక్క పద్యపాదము చెప్పింపలేదు.

ఆ దినములలో బిల్ అలెగ్జాండరను జర్మను దేశస్థుడు అమెరికా టెలివిజనులో అరగంటలో నొక తైలవర్ణచిత్రమును పూర్తిచేసి చూపుచుండెను. బాబ్ రాస్ దానిని చూచి ఆ పద్ధతిని పట్టుకొనెను. ఆ పద్ధతిని కొంచెము వివరించెదను. తైలవర్ణములతో వేయువారు సాధారణముగా ఒక పూత ఆఱినపిదప మఱియొక పూత వేయుదురు. దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. ఈ పద్ధతిలో గుడ్డమీద ముందుగా పలుచని తెల్లరంగు పూసి, ఆ తడిమీదనే తక్కిన రంగులు వేయుదురు. అవి గుడ్డమీదనే ఒకదానిలో నొకటి కలిసి ఆకాశమో నీరో యగును. కల్లాపి తడి యాఱకముందే ముగ్గు వేయవలెనని మనకొకరు చెప్పవలెనా? అయితే మన ముగ్గులో రంగు రంగులో కలిసిన చెడిపోవును. అక్కడ కలుపుటయే విద్య. క్రిందిరంగు గట్టిగాను మీదిరంగు పలుచగాను ఉండవలెను. ఈ యొక్క నియమము తప్పినచో కొండ, చెట్టు, చెఱువు అన్నియు కలిసి గోంగూర పచ్చడి యగును. మా చిన్నది రెండుమాఱులు అట్టి పచ్చడి చేసినది.

బాబ్ రాస్ మధ్యాహ్నపు భోజన విరామమున సయితము బొమ్మలు వేసెను. ఏటి యిసుకనుండి బంగారము తీయువారు వాడు రేకుపళ్లెములమీద అలాస్కా కొండలను వేసి యాత్రికులకు అమ్ముచుండెను. ఆ రాబడి జీతమును మించినపిదప, ఇరువదియేండ్ల కొలువు పూర్తిచేసి 1981లో బయటపడి, అలెగ్జాండరు సంస్థ తరపున ఊరూర తిరిగి బొమ్మలు నేర్పసాగెను.

ఇచ్చట నొక తల్లి కథ వచ్చుచున్నది. ఆనెట్ కొవాల్‌స్కీ యను నామె పెద్దకుమారుడు కారు ప్రమాదమున మరణించెను. ఆమె మంచము దిగని స్థితిలో నుండగా, భర్త ఆమెకు బిల్ అలెగ్జాండరు కార్యక్రమము ఇష్టమని యెఱిగి, ఆయనవద్ద నేర్చుకొనునట్లు చేయవలెనని ప్రయత్నించెను. అలెగ్జాండరు అప్పటికి స్వయముగా నేర్పుట మానెను. శిష్యుడొకడు ఫ్లోరిడాలో క్లియర్‌వాటరు పట్టణమున అయిదు దినముల తరగతి నడుపుచున్నాడనిరి. ఆమె నిరుత్సాహముతోనే వెళ్లినది. ఆ శిష్యుడు బాబ్ రాస్. ఆ అయిదు దినములలో తనను పట్టి నిలిపినది చిత్రలేఖనముకంటె ఆయన మాటయని, దానిని సీసాలో పోసి అమ్మవలెనని తోచినదని ఆమె పలుమాఱులు చెప్పినది. దుఃఖములో నున్నవారికి ఉపదేశము చేయువారు వేలకొలది యుందురు. ఆయన చేసినది ఉపదేశము కాదు. ఈ చెట్టు ప్రక్కన మఱియొక చెట్టు వేయుదము, దానికిని తోడు కావలెనుగదా యని చెప్పుచు కుంచెను చేతికిచ్చెను.

ఆనెట్, ఆమె భర్త వాల్ట్, బాబ్ రాస్, ఆయన భార్య జేన్, ఈ నలుగురు చేరి యొక సంస్థను స్థాపించిరి. మొదట తరగతులకు వచ్చువారు లేరు. చేతిలో డబ్బు లేక, క్షౌరపు ఖర్చు తగ్గునని జుట్టును ఉంగరములు చుట్టించుకొనెనట! తరువాత ఆ జుట్టు ఆయనకే నచ్చలేదు గాని అప్పటికది సంస్థ ముద్రయై రంగులడబ్బాలమీద అచ్చుపడిపోయినది. తీయుటకు వీలు లేకపోయెను. పొదుపు చేయబోయి జీవితాంతము ఒక తలకట్టును మోసినవారు మఱియెవరైన నున్నారేమో!

టెలివిజను కార్యక్రమము 1983 జనవరిలో వర్జీనియాలో ఆరంభమై, పిదప ఇండియానా రాష్ట్రమందలి మన్సీ పట్టణమునకు మాఱినది. అక్కడ నొక పాత గృహమే స్టూడియో. వెనుక నల్లని తెఱ, ముందు బొమ్మ నిలుపు ముక్కాలి, నడుమ ఆయన, అంతియే. 1994 మే నెలవఱకు సాగినది. 31 వరుసలు, వరుసకు 13 పాఠములు. మా కొట్టాయన కుమారుడు సయితము లెక్క కట్టగలడు: 403. ఒక వరుస పాఠములన్నియు రెండు మూడు దినములలోనే తీసివేసెడివారు. ఒక్కొక్క చిత్రమును మూడుమాఱులు వేయును: ముందుగా చూచుకొనుటకొకటి, ప్రజలయెదుట నొకటి, తరువాత పుస్తకములో ముద్రించుటకు తీరికగా మఱియొకటి. అరగంటలో అనాయాసముగా జరిగినట్లు మనకు కనబడుదాని వెనుక ఈ తయారీ యున్నది. పండుగనాడు పదిమందికి నవ్వుచు వడ్డించు నిల్లాలికి ఇది తెలియనిది గాదు.

ఆ పాఠములకు ఆయన వేతనము పుచ్చుకొనలేదు. రంగులు, కుంచెలు, పుస్తకములు అమ్మగా వచ్చినదే జీవనము. తప్పు గీసితినని వెఱవవలదని, తప్పులు లేవని, అవి సంతోషకరములగు ఆకస్మికములు మాత్రమేనని తఱచు చెప్పును. నల్లగా చార పడెనా, అది చెట్టగును. కుంచెను కడిగి ముక్కాలి కఱ్ఱకు టపటప కొట్టి తడి విదుల్చునపుడు మాత్రము చిన్నపిల్లవానివలె నవ్వును. ఆ కార్యక్రమమంతటిలో హింస యున్నది ఆ యొక్క చోటనే. ఒక్కొక్కనాడు జేబులోనుండి ఉడుతపిల్ల తొంగిచూచును. మొసలిపిల్లనాటి బుద్ధి పోలేదన్నమాట.

నిజము చెప్పవలెనన్న, ఆయన చిత్రములు ఒకటి చూచిన పది చూచినట్లే. కళాకోవిదులు వానిని పట్టించుకొనలేదు. అందుకు వారిని తప్పుపట్టను. ఆ చిత్రములలో మనుష్యులు దాదాపు కానరారు. చెఱువుగట్టున చక్కని కఱ్ఱయిల్లు వేయును గాని దానికి పొగగొట్టము పెట్టడు. లోపల నెవరును లేరని దాని భావమట. పొయ్యి వెలుగని యిల్లు! మొదట నాకిది బొత్తిగా నచ్చలేదు. ఇరువదియేండ్లు మనుష్యులను గద్దించినవాడు మనుష్యులు లేని చోటును కోరుకొనెనేమో యని తరువాత తోచినది. తన చిత్రములు వాషింగ్టనులోని స్మిత్సోనియను ప్రదర్శనశాలకు ఎక్కునని ఆయనకే నమ్మకము లేదు. 2019లో ఆ సంస్థవారే కొన్నిటిని స్వీకరించిరి.

గురువు కథ మిగిలినది. శిష్యుని కీర్తి పెరిగినకొలది అలెగ్జాండరు మనస్సు విఱిగెను. తానే నేర్పిన విద్యతో తన చోటును ఆక్రమించెనని, తనను మోసగించెనని 1991లో బాహాటముగా ననెను. తడిమీద తడి వేయుట ఐరోపా చిత్రకారులు శతాబ్దములుగా నెఱిగినదే; అది ఒకరి సొత్తు కాదు. అయినను ఆ వృద్ధుని బాధ బూటకము గాదు. ద్రోణాచార్యులు శిష్యుని వ్రేలడిగిరి. ఇక్కడి శిష్యుని వ్రేలు ముందే పోయినది, గురువునకు అడుగుటకు ఏమియు మిగులలేదు. ఎవరి పక్షమున నుండవలెనో నేనింకను నిశ్చయించుకొనలేదు.

జేన్ 1992లో క్యాన్సరు వ్యాధితో మరణించెను. కొలదికాలమునకే ఆయనకును లింఫోమా యను క్యాన్సరు సోకి, 1995 జూలై 4వ తేదీన, యేబదిరెండేండ్ల ప్రాయమున, ఆర్లాండోలో కన్నుమూసెను. ఆయన పేరు, రూపము ఎవరి సొత్తని సంస్థకును కుమారునికిని నడుమ వ్యాజ్యము నడిచి, 2019లో సంస్థపక్షమున తీర్పు వచ్చెను. అఱపులు లేని మనుష్యుని పేరుమీద న్యాయస్థానమున ఎన్ని గొంతులు లేచినవో! ఫ్లోరిడాలోని గోథాలో ఆయన సమాధిఫలకముమీద పేరుతోపాటు "టెలివిజను చిత్రకారుడు" అని చెక్కిరి.

2015లో ఆయన పాఠములన్నిటిని వరుసగా అంతర్జాలమున ప్రసారము చేయగా, ఆయన మరణించినపిదప పుట్టిన పిల్లలు లక్షలకొలది చూచిరి. 2020లో మన్సీలోని ఆ పాత గృహమును ప్రదర్శనశాలగా తెఱచిరి. 2025లో అమెరికా ప్రభుత్వము ప్రజా టెలివిజను కేంద్రములకు ఇచ్చు ధనమును ఆపివేయగా, వాని సహాయార్థము ఆయన చిత్రములను ముప్పదింటిని వేలమునకు పెట్టిరి. నవంబరులో మొదటి మూడింటికే ఆఱులక్షల డాలర్లకు పైగా వచ్చినవి. జీతము పుచ్చుకొనక పాఠము చెప్పినవాడు ముప్పదియేండ్ల తరువాత ఆ కేంద్రములకే యెదురు జీతము చెల్లించుచున్నాడు.

ఈ కథయంతయు నేనొక రాత్రి మావారికి వినిపించి, ఫోనులో ఒక పాఠమును చూపితిని. వారు కడవఱకు చూచి, "బాగుగనే యున్నది. కాని ఆయన యెదుట నున్నది కెమెరాయే గదా! నా యెదుట నలువదియైదుగురు" అనిరి. నాకు సమాధానము తోచలేదు. ఇప్పటికిని తోచలేదు. వారు మాత్రము మఱునాడు రాత్రి తామే ఫోను అడిగి తీసికొని, రెండవ పాఠమును చూచిరి.

నా యెదుట నలువదియైదుగురు లేరు గనుక నేనొక వారముపాటు గొంతెత్తకుండ చూచెదనని నిశ్చయించుకొంటిని. రెండు దినములు గడచినవి. మూడవనాడు మా చిన్నది పదునాలుగవ యెక్కములో మూడు చోట్ల తప్పెను. నేను పెదవి బిగించి, మరల చెప్పుమని మెల్లగా నంటిని. అది పలక ప్రక్కన బెట్టి, నా నుదుట చేయి వేసి చూచి, "అమ్మా, నీకు జ్వరము వచ్చినదా?" అని యడిగెను.